పిల్లవాడి సంపాదన వాడిదే, మీ పన్నులో కలిపేయకండి

ప్రశ్న అడిగినాయన రాసింది ఇదీ: అబ్బాయికి పదిహేడేళ్ళు, ఇంటర్ చదువుతూ సాయంత్రాలు ఒక స్టూడియోకి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి పెడుతున్నాడు, ఆ డబ్బు తండ్రి ఆదాయంలో కలిపి చూపించాలా, శ్లాబు మారిపోతుందా అని. కలపక్కర్లేదండీ. వాడు కూర్చుని తన పనితనంతో సంపాదించిన రూపాయి వాడిదే. మైనర్ ఆదాయమంతా తల్లిదండ్రుల లెక్కలోకే వస్తుందని చెప్పేవాళ్ళు చట్టంలో మొదటి వాక్యం చదివి పుస్తకం మూసేసినవాళ్ళు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఇది మా ఇంట్లో జరిగింది. నేను హైస్కూల్లో టీచర్ని. మావారిది చిన్న ఎరువుల కొట్టు, ఆయన కన్నా నా జీతమే ఎక్కువ. మా చిన్నవాడు మృదంగం వాయిస్తాడు. కూచిపూడి రంగప్రవేశాలకీ, గుళ్ళలో ఉత్సవాలకీ వాణ్ణి పిలుస్తారు. మొదట్లో తాంబూలంలో పెట్టి ఇచ్చేవారు. పదహారో ఏడు వచ్చేసరికి హైదరాబాదులో ఒక ఈవెంట్ కంపెనీ వరసగా ప్రోగ్రాములు ఇచ్చింది. వాళ్ళు డబ్బు బ్యాంకులో వేస్తామన్నారు, పాన్ కావాలన్నారు. పిల్లవాడికి లేదంటే తల్లి పాన్ ఇవ్వండి, అదీ లేకపోతే పది శాతం బదులు ఇరవై శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, కోస్తామన్నారు. మైనర్‌కి కూడా పాన్ కార్డు వస్తుందన్న మాట ఆ ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు. వాళ్ళ పని తొందరగా తెమిలితే చాలు.

రిటర్న్ వేసే రోజులొచ్చాయి. మా ఊళ్ళో జెరాక్స్ షాపు పైన ఒక టాక్స్ కన్సల్టెంట్ ఉంటాడు, మా స్కూలు స్టాఫ్ అందరం అక్కడికే వెళ్తాం. ఆ రోజు చిన్నవాడూ నాతో వచ్చాడు. ఆయన కంప్యూటర్లో నా ఏఐఎస్, అంటే నా పాన్ మీద పడిన ఆదాయాల పట్టిక, తెరిస్తే జీతం కింద ఇంకో వరస, దాని పక్కన ఈవెంట్ కంపెనీ పేరు, 194జే అని వృత్తి ఫీజు మీద టీడీఎస్ కోసే సెక్షన్ నంబరు. ‘మైనర్ బాబు కదా మేడమ్, క్లబ్ చేసెయ్యాల్సిందే, అంటే మీ ఆదాయంలో కలిపెయ్యాల్సిందే. పైగా మీ పాన్ మీదే పడింది, ఇంక మాట్లాడేదేముంది’ అన్నాడు. అంటూనే అంకెలు కొట్టేశాడు. అది 2024-25 ఆదాయానికి వేసే రిటర్న్. కొత్త పన్ను విధానంలో, జీతగాళ్ళకి తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ పోను నాకు మిగిలేది 6 లక్షల 80 వేలు. 7 లక్షల లోపు కాబట్టి రిబేటు, అంటే పన్ను మాఫీ, వచ్చి పన్ను సున్నా. దానికి పిల్లవాడి 80 వేలు కలిపేసరికి 7 లక్షల 60 వేలు, రిబేటు మొత్తం పోయింది. తెర మీద పన్ను 27,040 అని వచ్చింది. వాడు ఏడాదంతా రాత్రి బస్సుల్లో మృదంగం ఒళ్ళో పెట్టుకుని తిరిగి తెచ్చిన దాంట్లో మూడో వంతు అది.

నాకు ఒళ్ళు మండింది. ఆ సెక్షన్ తెరవండి, నేనూ చదువుతానన్నాను. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 64(1ఏ). మైనర్ ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ళ దాంట్లో కలపాలన్నది మొదటి వాక్యం. ఆయన అక్కడే ఆగాడు. కింద మినహాయింపు ఉంది. పిల్లవాడు ఒంటికష్టంతో చేసిన పనికి వచ్చినదీ, తన నైపుణ్యం, ప్రతిభ, ప్రత్యేకమైన పరిజ్ఞానం, అనుభవం ఉపయోగించి చేసిన పనికి వచ్చినదీ కలపకూడదు. అది చదివి కూడా ఆయన ‘మృదంగం అంటే హాబీ కదా మేడమ్’ అన్నాడు.

హాబీ! మావాడి చెయ్యి చూపించమన్నాను. కుడి చూపుడు వేలు చివర కాయ కాసి ఉంది. కచేరీకి ముందు ఎడమ మూత మీద రవ్వ తడిపి ముద్దలా అంటిస్తాడు. అది చిటికెడు ఎక్కువైతే నాదం మొద్దుబారుతుంది, చాలకపోతే గుమికి అనే జారుడు నాదం రాదు. ఆ చిటికెడు ఎంతో వేలికి తెలియడానికి ఏళ్ళు పట్టింది. శ్రుతి కలవకపోతే రాయి పెట్టి అంచు మీద కొట్టుకుంటూ చుట్టూ తిరుగుతాడు, వార్లు బిగిస్తాడు, మళ్ళీ వింటాడు. అటు నట్టువాంగం చేసే, అంటే తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించే గురువుగారు ఏ క్షణాన జతి మారుస్తారో కళ్ళతో కనిపెట్టుకుని ఉండాలి. ఇది నైపుణ్యం కాకపోతే ఇంకేది నైపుణ్యం అండీ అని అడిగాను. ఆయన కాసేపు నీళ్ళు నమిలి, ఆ వరస నా రిటర్న్ లోంచి తీసేశాడు.

పిల్లలు చేసే ప్రతి పనినీ హాబీ అనేయడం మనకి అలవాటైపోయింది. ఇంటర్ కాలేజీవాళ్ళూ అంతే. పొద్దున ఆరింటికి లోపలికి తోస్తే రాత్రికి గానీ వదలరు, ఒక ప్రోగ్రామ్ కోసం రెండు రోజులు సెలవడిగితే పిల్లవాణ్ణి పాడు చేస్తున్నామన్నట్టు మాట్లాడతారు. ఎంట్రన్సు ర్యాంకు ఒక్కటే ప్రతిభ అయితే ఈ దేశంలో ఎన్ని చేతులు ఖాళీగా ఉండాలి? మీ అబ్బాయి వీడియో ఎడిటింగ్‌ని కూడా చుట్టాలు టైంపాస్ అంటూనే ఉంటారు. పట్టించుకోకండి. చట్టం వాళ్ళకన్నా మర్యాదగా మాట్లాడింది.

తర్వాత అసలు తిప్పలు టీడీఎస్‌తో. చిన్నవాడి పేరు మీద పాన్ తీసుకున్నాం. మైనర్ కార్డు మీద ఫొటో, సంతకం ఉండవు, దరఖాస్తు మీద మనమే సంరక్షకులుగా సంతకం పెట్టాలి. ఆదాయం ఒకరిది, టీడీఎస్ ఇంకొకరి పాన్ మీద పడినప్పుడు అది అసలు వాళ్ళ పాన్ కిందకి మార్చమని రాసిచ్చే పద్ధతి ఉంది. నేను రాసిచ్చాను. కంపెనీవాళ్ళు తమ టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరించాలి, దానికి పదే పదే ఫోన్లు చేయించుకున్నారు. అది సరయ్యాక నేను ప్రతినిధిగా నమోదై వాడి రిటర్న్ వేశాను. వాడి ఆదాయం పన్ను పరిధిలోకే రాదు కాబట్టి కోసిన టీడీఎస్ వెనక్కి వచ్చింది. బస్సు ఛార్జీలూ, మృదంగానికి మూతలు మార్పించిన ఖర్చూ కూడా వాడి ఫీజులోంచి తీసి చూపించుకోవచ్చు. రసీదులు ఉంచండి.

ఇప్పుడు రిబేటు గీత 12 లక్షలకి జరిగింది కాబట్టి మనకేం భయం అనుకోకండి, ఆ గీత దగ్గరున్నవాళ్ళకి దెబ్బ ఇంకా పెద్దది. తండ్రికి డిడక్షన్ పోను 11 లక్షల 60 వేలుంటే పన్ను సున్నా. కొడుకు 90 వేలు తప్పుగా కలిపితే 12 లక్షల 50 వేలు, గీత దాటిన 50 వేలూ పన్ను కిందే పోతాయి, సెస్సుతో 52 వేలు. తొంభైలో యాభై రెండు! 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి, ఈ సూత్రం మాత్రం అదే.

మీరు నిజంగా జాగ్రత్తపడాల్సింది వడ్డీ దగ్గర. పిల్లవాడు సంపాదించింది వాడిదే, కానీ దాన్ని ఎఫ్‌డీ వేస్తే వచ్చే వడ్డీ నైపుణ్యంతో వచ్చింది కాదంటుంది చట్టం. ఆ వడ్డీ ఆదాయం ఎక్కువున్న తల్లి లేదా తండ్రి లెక్కలో కలుస్తుంది. పాత విధానంలో ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 1,500 రూపాయల దాకా మినహాయింపు ఉంది, కొత్త విధానంలో అదీ లేదు. ఇది శుద్ధ అన్యాయమని నా అభిప్రాయం. సినిమాల్లో, టీవీల్లో పనిచేసే పద్నాలుగేళ్ళ లోపు పిల్లల ఆదాయంలో కనీసం 20 శాతం వాళ్ళ పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఎఫ్‌డీ వేయాలని బాల కార్మిక నిబంధనల్లో పెట్టింది ప్రభుత్వమే. ఆ ఎఫ్‌డీ వడ్డీని తల్లిదండ్రుల నెత్తిన వేసేదీ ప్రభుత్వమే. పిల్లల చేత దాచిపెట్టించేవాళ్ళకి ఇదేం శిక్ష? ఆస్తులు పిల్లల పేర రాసి పన్ను తప్పించుకునేవాళ్ళ కోసం పెట్టిన నిబంధన అది. చెమటోడ్చి దాచుకున్న పిల్లవాడికి అది వర్తించకూడదు.

మా బావగారు మొదటినుంచీ ఒకటే మాట, ‘ఇంట్లో డబ్బంతా ఒకటే కదమ్మా, నీ అకౌంట్లో వేసెయ్’ అని. నేను ఒప్పుకోలేదు. మా స్కూలు పిల్లల్లో పెద్దవాళ్ళు కొందరు మిరప కోతల రోజుల్లో ఆదివారాలు కూలికి వెళ్తారు. సోమవారం వేళ్ళు మంటెక్కి పెన్ను సరిగ్గా పట్టుకోలేరు. ఆ కూలి డబ్బు మేస్త్రీ చేతి నుంచి నేరుగా తండ్రి జేబులోకి పోతుంది, ఎంత వచ్చిందో కూడా పిల్లకి తెలియదు. ఆ ఇళ్ళలో ఇన్‌కంటాక్స్ ఊసే ఉండదు, కానీ అదీ ఒంటికష్టమే, చట్టం మృదంగంతో సమానంగా మొదటి వరసలో పెట్టిన కష్టం. సంపాదించిన పిల్లకి తన డబ్బు కంటికి కనిపించాలి. పదేళ్ళు దాటిన మైనర్ సొంతంగా ఖాతా తెరిచి నడపడానికి రిజర్వ్ బ్యాంకు 2014లోనే వీలిచ్చింది. బ్రాంచికి వెళ్తే మాత్రం కౌంటర్లో తండ్రి ఏడీ అంటారు. మేనేజర్ దగ్గరికి వెళ్ళి అడగండి, తెరుస్తారు.

యూట్యూబ్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. పద్దెనిమిది నిండకపోతే ప్రకటనల డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతా ఇవ్వరు, తల్లి లేదా తండ్రి పేరు మీదే ఉంటుంది, డబ్బూ అక్కడే పడుతుంది. పాఠం చెప్పేదీ, పాడేదీ, ఎడిట్ చేసేదీ పిల్లవాడే అయితే దానికి ఆధారాలు జాగ్రత్తగా పెట్టుకుని, డబ్బు వాడి ఖాతాకి పంపండి. ముద్దు మాటలు మాట్లాడే నాలుగేళ్ళ పాపని మీరు షూట్ చేసి పెడితే అది పాప నైపుణ్యమంటే నేను ఒప్పుకోను, అది మీ ఆదాయమే. అలాగే సొంత కొట్లో పని చెయ్యని కొడుక్కి జీతం రాసి పన్ను తగ్గించుకుందామనుకునేవాళ్ళు ఈ మినహాయింపు జోలికి రాకండి. మీలాంటివాళ్ళ వల్లే నిజంగా కష్టపడే పిల్లల్ని కూడా అనుమానంగా చూస్తారు.

ఇక మీ అబ్బాయి విషయానికొస్తే, ఈ వారంలోనే పాన్‌కి దరఖాస్తు పెట్టండి, స్టూడియోవాళ్ళకి ఆ నంబరే ఇవ్వండి, డబ్బు వాడి ఖాతాలోకే వేయమనండి. ఏ పెళ్ళి వీడియోకి ఎంత ఇచ్చారో వాడి చేతే ఒక పుస్తకంలో రాయించండి. పద్దెనిమిది నిండిన రోజు నుంచి ఎఫ్‌డీ వడ్డీ కూడా వాడి లెక్కే, ఆ ఏడాది పుట్టినరోజు వరకు వచ్చిన వడ్డీ ఒక్కటే మీ దాంట్లో చూపించండి. తర్వాత పాన్ కార్డులో ఫొటో, సంతకం చేర్పించడం మర్చిపోకండి, అవి లేకపోతే బ్యాంకులో ఖాతాని మేజర్ ఖాతాగా మార్చేటప్పుడు తిప్పుతారు.