ఉత్తర ఉగాండాలో ఆరోగ్య, శాంతి స్థాపన సంస్థలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లవచ్చా?

మీరు అనంతపురంలో ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్ పీజీ) చివరి సంవత్సరం చదువుతున్నారనీ, ఉత్తర ఉగాండాలోని గులు పట్టణం కేంద్రంగా గ్రామీణ ఆరోగ్యం, శాంతి స్థాపన రెండూ చూసే ఒక స్వచ్ఛంద సంస్థ ఇంటర్న్‌గా రమ్మని పిలిచిందనీ రాశారు. వైద్యం చదవనివారికి అక్కడ పని ఉంటుందా, ఇంట్లోవాళ్ల భయం నిజమేనా అని అడిగారు. నేను కర్నూలు నుంచి ఆ ప్రాంతానికే, అటువంటి సంస్థకే వెళ్లి కొన్ని నెలలు పనిచేశాను. వెళ్లమనే చెబుతాను. అయితే ఆ ఊళ్ల గతం కొంత తెలుసుకుని వెళ్లండి.

లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ అనే తిరుగుబాటు దళానికీ ప్రభుత్వ సైన్యానికీ మధ్య 1987 ప్రాంతంలో మొదలైన యుద్ధం, 2006లో ఇప్పటి దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో జరిగిన చర్చల్లో కాల్పుల విరమణ కుదిరేదాకా ఆ ప్రాంతపు అచోలి తెగ ప్రజలను నలిపివేసింది. యుద్ధం ముదిరిన కాలంలో సుమారు 18 లక్షల మంది ఊళ్లు విడిచి శిబిరాల్లో బతికారు. వేల సంఖ్యలో పిల్లలను దళం ఎత్తుకుపోయింది. జనం తిరిగి వచ్చేసరికి హద్దులు తెలిసిన పెద్దలు చాలామంది పోయారు, గుర్తులు చెరిగిపోయాయి, చాలా భూములకు మొదటి నుంచీ పట్టాలే లేవు. అందువల్ల తుపాకులు ఆగిన తరువాత భూమి తగాదాలు పెరిగాయి.

ఆరోగ్య కార్యక్రమం శాంతితో ముడిపడేది సరిగ్గా ఇక్కడే. బోరింగు బాగుచేయించాలన్నా, టీకాల శిబిరం పెట్టాలన్నా, అది ఎవరి నేల మీద అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో రెండు వంశాలకు పొలం తగాదా ఉండేది. ఒకరి వాకిట్లో శిబిరం పెడితే రెండోవారి తల్లులు బిడ్డలను తీసుకొచ్చేవారు కాదు. అక్కడ మన ఆశా కార్యకర్త వంటి పని చేసే విలేజ్ హెల్త్ టీమ్ సభ్యురాలు ఇరువైపులా తిరిగి, బడి ఆవరణకు అందరినీ ఒప్పించింది. ఆ రెండు వంశాల ఆడవాళ్లు కలిసి నడిపే పొదుపు సంఘం పెట్టెకు మూడు తాళాలు వేసి, తాళంచెవులు వేర్వేరు ఇళ్లలో ఉంచారు. శాంతి గురించి ఏ ఉపన్యాసమూ లేకుండానే ఆ ఆడవాళ్లు వారానికొకసారి ఒకచోట కూర్చున్నారు. మా అవ్వ వాళ్ల ఊళ్లో ఫ్యాక్షన్ కక్షల కాలంలో ఒక వీధివాళ్లు మరో వీధిలో అడుగు పెట్టని రోజుల్లో కూడా ఏఎన్ఎం గారు రెండు వీధుల్లోనూ గడప ఎక్కగలిగేవారు. కాబట్టి రాయలసీమ పల్లెలు ఎరిగిన మనిషికి గులు చుట్టుపక్కల పని త్వరగా అర్థమవుతుందని నా గట్టి నమ్మకం.

వైద్యేతరులకు చేయవలసినంత పని ఉంది. దోమతెరలు ఎవరింట్లో వాడుతున్నారో చూడటం, కాన్పుకు ఆసుపత్రికి వెళ్లని తల్లుల కారణాలు రాసుకోవడం, సమావేశాల నివేదికలు తయారు చేయడం వంటివన్నీ దుబాసీ సాయంతో చేస్తారు. ఇంజక్షన్ వేయమన్నా, గాయానికి కుట్లు వేయమన్నా మర్యాదగా, స్పష్టంగా నిరాకరించండి. అర్హత లేని చేతులు మన ఊళ్లో ఎంత ప్రమాదమో అక్కడా అంతే. దళం నుంచి తిరిగి వచ్చిన వారిని వాళ్ల కథ చెప్పమని మీరుగా ఎన్నడూ అడగకండి. వాళ్లు ఆ కథను ఎందరో పరాయివాళ్లకు చెప్పి అలసిపోయారు. హత్య జరిగిన తరువాత నేరం ఒప్పుకుని, పరిహారం చెల్లించి, రెండు వంశాలవారు చేదు వేరు కలిపిన పానీయాన్ని ఒకే సొరకాయ బుర్రలోంచి తాగే మాతో ఓపుట్ అనే ఆచారం ఉంది. దానికి పిలిస్తే వెళ్లండి, ఫోన్ మాత్రం సంచిలోనే ఉంచండి.

తిండికి భయం లేదు. రాగి పిండితో చేసే క్వోన్ మన సంగటిని పోలి ఉంటుంది, వేరుశనగ ముద్ద కూరల్లో ధారాళంగా వేస్తారు. అసలు జాగ్రత్త మలేరియాతో: మందులు ఏవి, ఎప్పటి నుంచి వేసుకోవాలో వెళ్లేముందే వైద్యుణ్ణి అడగండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ ధ్రువపత్రం లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

ఈలోగా ఇక్కడే కొంత క్షేత్రానుభవం సంపాదించండి. 1969లో అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలతో ఎలా పనిచేస్తుందో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న బత్తలపల్లి ఆసుపత్రికి ఏయే ఊళ్ల నుంచి జనం వస్తారో చూస్తే, గులులో ఏం అడగాలో మీకే తడుతుంది.

ఇంట్లోవాళ్ల భయం యుద్ధం గురించైతే, అది ఇరవై ఏళ్ల కిందటి మాట. సంస్థ గురించైతే న్యాయమైనదే. మీపై అధికారి ఎవరు, బస ఎక్కడ, ఏ అనుమతి పత్రం మీద పనిచేస్తారు, జబ్బు చేస్తే ఏ ఆసుపత్రి, అడిగిన రుసుములో ఊళ్లకు వెళ్లేది ఎంత అని సంస్థకు రాయండి. పర్యాటక వీసా మీద వచ్చి పనిచేయమంటే ఒప్పుకోకండి. జవాబులు రాతపూర్వకంగా చేతికి అందేదాకా ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.