ఆధార కణాల గురించి రాసేటప్పుడు

కావలి

చిరంజీవికి,

లింఫ్ గ్రంథుల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తెల్ల రక్తకణాల సంగతి బాగా రాశావు. వాటికి చోటిచ్చే కణాలను మాత్రం ‘ఆధార కణజాలం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు విషయమంతా అక్కడే ఉంది నాయనా, ఆ భాగం మళ్ళీ రాయి.

రొయ్యల గుంట దగ్గర కాలికి ఆల్చిప్ప గీరుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మన వైపు అందరికీ తెలుసు. అక్కడ మొదలుపెట్టు. ఆ బిళ్ళ లింఫ్ గ్రంథే. అది ఉబ్బడానికి లోపల చోటు ఎట్లా వచ్చింది? ఫైబ్రోబ్లాస్టిక్ రెటిక్యులర్ కణాలనే ఆధార కణాలు సన్నటి కొల్లాజెన్ (ప్రొటీన్) పోగులను చుట్టుకుని గ్రంథి అంతా వలలా అల్లుకుని ఉంటాయి. మామూలప్పుడు ఆ వల బిగువుగా ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటినుంచి దాని కబురు మోసుకొచ్చే డెండ్రిటిక్ కణం తన మీది క్లెక్-2 అనే ప్రొటీన్‌తో ఈ రెటిక్యులర్ కణాల మీది పోడోప్లానిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకోగానే బిగువు సడలి, వచ్చిపడే లింఫోసైట్లకు (టి, బి కణాల వంటి తెల్ల రక్తకణాలకు) చోటు దొరుకుతుంది. ఇది ఎలుకల్లో తేలిన విషయం. ఆ మాట తప్పకుండా రాయి.

రకాల పేర్లు వరసగా ఏకరువు పెట్టకు. ఏది ఎక్కడుండి ఏం చేస్తుందో చెప్పు. టి కణాలుండే ప్రాంతంలోని రెటిక్యులర్ కణాలు సీసీఎల్19, సీసీఎల్21 అనే రసాయన సంకేతాలు వదిలి టి కణాలను రప్పిస్తాయి. బి కణాలు గుమిగూడే ఫాలికిల్‌లో, వాటిని రప్పించే పని ఫాలిక్యులర్ డెండ్రిటిక్ కణాలది. అవి వదిలేది సీఎక్స్‌సీఎల్13. యాంటీజెన్‌ను, అంటే రోగనిరోధక కణాలు గుర్తుపట్టే పరాయి పదార్థాన్ని, చాలాకాలం ఒంటిమీదే పట్టుకుని ఉంటాయి కూడా. వీటిని నువ్వు మామూలు డెండ్రిటిక్ కణాలతో కలిపేశావు. అవి ఎముక మజ్జలో పుడతాయి, ఇవి పుట్టవు. ఈ తప్పు అచ్చులోకి పోకూడదు.

ల్యాబ్ పని గురించి కూడా రాయి. ఆపరేషన్‌లో తీసిన టాన్సిల్ ముక్కను జల్లెడ మీద నలిపితే లింఫోసైట్లు కిందికి దిగుతాయి, మనకు కావాల్సిన ఆధార కణాలు పోగులకు అంటుకుని పైనే మిగిలిపోతాయి. అందుకే 37 డిగ్రీల దగ్గర కొల్లాజినేజ్ అనే ఎంజైమ్‌తో పోగులను కరిగిస్తారు. మొత్తం ఒకేసారి ఎక్కువసేపు ఉంచితే ముందు విడిపోయిన కణాలు చచ్చిపోతాయి. విడతలు విడతలుగా చేసి, విడిపోయినవాటిని వెంటనే చల్లటి ద్రావణంలోకి తీసేయాలి. తర్వాత తెల్ల రక్తకణాల గుర్తయిన సీడీ45 ఉన్నవాటిని, ఎర్ర కణాలను వదిలేసి, మిగిలినవాటి మీద పోడోప్లానిన్, సీడీ31 అనే ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూస్తారు. రెండూ ఉంటే లింఫ్ నాళపు గోడ కణం, సీడీ31 ఒక్కటే ఉంటే రక్తనాళపు గోడ కణం. పోడోప్లానిన్ ఒక్కటే ఉంటే రెటిక్యులర్ కణమని వెంటనే రాసేయకు, ఫాలిక్యులర్ డెండ్రిటిక్ కణాల మీదా అది ఉంటుంది. వాటిని వేరుచేయడానికి సీడీ21 అనే మరో ప్రొటీన్ చూడాలి. పోడోప్లానిన్, సీడీ31 రెండూ లేనివి చెత్త కాదు, రక్తనాళాలను బయటినుంచి చుట్టుకుని ఉండే పెరిసైట్లు వాటిలోనే దొరుకుతాయి.

టాన్సిల్‌కు లింఫ్‌ను తెచ్చే నాళాలు ఉండవు. కాబట్టి అందులో చూసినదాన్ని గజ్జల్లోని బిళ్ళకు యథాతథంగా అంటగట్టకు. రెండింటికీ వేర్వేరు బొమ్మలు వేయించి, వ్యాసం మళ్ళీ పంపు.