గింజ తీసే యంత్రం, పెరిగిన బానిసత్వం

ప్రశ్న: పత్తి గింజలను వేరుచేసే యంత్రం వచ్చాక అమెరికాలో బానిసత్వం ఇంకా పెరిగిందని మా అబ్బాయి పాఠంలో చదివాను. యంత్రం వస్తే మనుషుల అవసరం తగ్గాలి కదా, ఇలా ఎందుకు జరిగింది?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ యంత్రం తగ్గించిన పని ఏది, తగ్గించని పని ఏది అని విడదీసి చూస్తే మీ సందేహం తీరుతుంది.

అమెరికా దక్షిణాదిలో సముద్రతీరాన మాత్రమే బాగా పండే పొడవు పింజ పత్తికి గింజ నున్నగా ఉండి, రోలర్ల మధ్య తేలికగా ఊడివచ్చేది. లోపలి నేలల్లో ఎక్కడైనా పండగలిగే పొట్టి పింజ పత్తికేమో దూది గింజను గట్టిగా పట్టుకుని ఉండేది; ఒక మనిషి రోజంతా కూర్చుని వలిచినా ఒక పౌను దూది రావడం కష్టం కాబట్టి, దాన్ని పెద్ద ఎత్తున సాగుచేయడం గిట్టుబాటు కాలేదు. 1793లో జార్జియాలోని సవానా దగ్గర, మల్బరీ గ్రోవ్ అనే తోటలో ఉంటూ ఈలై విట్నీ రూపొందించిన యంత్రంలో, తిరిగే దిమ్మెకు బిగించిన తీగ పళ్లు సన్నని సందుల గుండా దూదిని లాగేవి, గింజలు ఇవతలే ఆగిపోయేవి. దానితో రోజుకు సుమారు 50 పౌన్ల దూది వచ్చేది. (దానికి స్థిరపడిన ‘జిన్’ అనే పేరు ‘ఇంజిన్’కు పొట్టి రూపమే.)

అయితే దుక్కి దున్నడం, కలుపు తీయడం, అన్నిటికీ మించి పత్తి ఏరడం మనుషుల చేతుల మీదే మిగిలిపోయాయి. కాయలన్నీ ఒకేసారి పగలవు కనుక అదే చేనును నెలల తరబడి మళ్లీ మళ్లీ ఏరాలి. గింజ తీయడం ఇక అడ్డంకి కాకపోవడంతో, ఎంత ఏరించగలిగితే అంత లాభం అన్న లెక్క మొదలైంది. సాయంత్రం తూకంలో తక్కువ వచ్చినవారికి కొరడా దెబ్బలు పడేవి. 1790లో కొన్ని వేల బేళ్లకు మించని దిగుబడి 1860 నాటికి దాదాపు 40 లక్షల బేళ్లకు చేరితే, అదే కాలంలో బానిసల సంఖ్య సుమారు 7 లక్షల నుంచి 39 లక్షలు దాటింది.

1808లో విదేశాల నుంచి బానిసల దిగుమతిని చట్టం నిషేధించినా, దేశం లోపలి వ్యాపారం దాని స్థానాన్ని ఆక్రమించింది. పొగాకు సాగు దెబ్బతిన్న వర్జీనియా, మేరీలాండ్ వంటి రాష్ట్రాల నుంచి సుమారు 10 లక్షల మందిని, భార్యాభర్తలను, తల్లీబిడ్డలను విడదీసి మరీ, అలబామా, మిసిసిపి, లూయిసియానా వంటి రాష్ట్రాలకు తరలించారు. సంకెళ్లతో వందల మైళ్లు నడిపించినవారూ, ఓడల్లో న్యూ ఆర్లియన్స్ సంతకు చేర్చినవారూ వారిలో ఉన్నారు. ఆ కొత్త పత్తి నేలలు కూడా ఖాళీవి కావు. 1830 నాటి చట్టం తర్వాత చాక్టా, క్రీక్, చెరోకీ వంటి ఆదివాసీ జాతులను వెళ్లగొట్టి స్వాధీనం చేసుకున్నవి వాటిలో చాలా ఉన్నాయి.

ఇంతటి పాపాన్ని ఒక్క విట్నీ తలకు చుట్టడం నాకు సరికాదనిపిస్తుంది. యంత్రానికి ముందే బానిసత్వం ఉంది, ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు ముందే దూది కోసం ఎదురుచూస్తున్నాయి, మనిషిని ఆస్తిగా చూసే చట్టమూ ఉంది. పేటెంటు 1794లోనే దొరికినా, కమ్మరులు, తోటల యజమానులు యథేచ్ఛగా నకళ్లు చేసుకోవడంతో విట్నీ కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగవలసి వచ్చింది.

ఇక ఏరే పనికి నమ్మదగిన యంత్రాలు పొలాల్లోకి వచ్చింది 1940లలో, అంటే 1865లో బానిసత్వం రద్దయిన దాదాపు 80 ఏళ్లకు.