హిమాలయాల చిట్టి పూలమొక్కలు బెంగళూరు బాల్కనీలో బతుకుతాయా?

మీరు ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ చూసి వచ్చాక, అక్కడి బండల సందుల్లో నేలకు అతుక్కుని పూసే చిట్టి మొక్కలను బెంగళూరులోని మీ మూడో అంతస్తు బాల్కనీలో పెంచాలనుకుంటున్నారని, ఆన్‌లైన్‌లో ఎడెల్‌వైస్, ప్రిములా అనే చల్లని కొండల పూలమొక్కల విత్తనాలు తెప్పించుకున్నారని రాశారు. రాత్రిళ్లు కుండీని ఫ్రిజ్‌లో పెడితే, లేదా మొదట్లో ఐసు ముక్కలు వేస్తే సరిపోతుందా అని అడిగారు. ఇదే ఊళ్లో కొన్నేళ్లుగా రాతి తొట్లలో చిన్న మొక్కలు పెంచుతున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను. ఆ విత్తనాలు మొలుస్తాయి, చలికాలమంతా చక్కగా పెరుగుతాయి, కానీ ఏప్రిల్ దాటి నిలవవు. అయితే అక్కడ మీ మనసు దోచుకున్న అందం, అంటే రాయినీ మొక్కనీ విడదీసి చూడలేని ఆ పొందిక, ఇక్కడ కూడా సాధ్యమే. అందుకు మొక్కలను మార్చుకోవాలి, పద్ధతిని మాత్రం ఉన్నదున్నట్టు తెచ్చుకోవాలి.

ఎందుకు నిలవవో ముందు చెప్పాలి, ఎందుకంటే మీ ఫ్రిజ్ ఆలోచనకు జవాబు అందులోనే ఉంది. చాలామంది పగటి ఎండే ఈ మొక్కలకు శత్రువు అనుకుంటారు. నిజానికి మూడు, నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఎండ మన ఊరి ఎండకేమీ తీసిపోదు. తేడా అంతా రాత్రిలో ఉంది. పగలు ఆకులు తయారుచేసుకున్న చక్కెరలో కొంత రాత్రి శ్వాసక్రియలో ఖర్చవుతుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. అక్కడ వేసవిలో కూడా రాత్రి వణికించే చలి ఉంటుంది. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రుల సగటు కనిష్ఠం 15, 16 డిగ్రీల దగ్గర ఉంటే, ఏప్రిల్‌లో అది 22 దాకా వెళుతుంది. అంటే మొక్క పగలు సంపాదించినదాంట్లో ఎక్కువ భాగం రాత్రికే కరిగిపోతుంది. దీనికి తోడు, ఏటా కొన్ని నెలలు మంచు కప్పు కింద సున్నా డిగ్రీల దగ్గర నిద్రపోవడం వీటికి అలవాటు, ఆ చలి తగలకపోతే చాలా రకాలకు మొగ్గే కట్టదు.

ఇంకో సంగతి ఇలాంటి మొక్కల్లో కొన్నింటికి ఉండే దిండులాంటి ఆకారానిది. సైలీన్ అకౌలిస్ వంటి మొక్కలు వందేళ్లకు పైగా బతికి కూడా గుప్పెడు ఎత్తు దాటవు. కొమ్మలన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని ఉండటం వల్ల గాలి వాటిని పీకలేదు, ఎండ పడినప్పుడు ఆ దిండు లోపలి వేడి బయటి గాలి కంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువగా నిలుస్తుంది. అక్కడ ప్రాణం కాపాడే ఆ ఒత్తైన నిర్మాణమే మన జూన్ తేమలో లోపల గాలాడకుండా చేసి కుళ్లబెడుతుంది. నా ఎడెల్‌వైస్ మొలకలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లటి నూగుతో ముచ్చటగా పెరిగాయి, ఏప్రిల్ వేడి మీద మామిడి జల్లులు పడగానే మొదలు దగ్గర మెత్తబడి పోయాయి. ఎండాకాలంలో కుండీని తడి ఇసుక నింపిన పెద్ద మట్టి తొట్టిలో పాతిపెడితే, ఆవిరి వల్ల కొంత చల్లబడి మరికొన్ని వారాలు తట్టుకుంటుంది. గాలిలో తేమ పెరిగాక ఆ ఉపాయం కూడా పనిచేయదు.

కాబట్టి ఫ్రిజ్‌ను విత్తనాల వరకే వాడండి. విత్తనాలను తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు నాలుగు డిగ్రీల దగ్గర ఉంచి తరువాత చల్లితే మొలక బాగా వస్తుంది. పెరిగే మొక్కను రోజూ లోపలికీ బయటికీ తిప్పితే, దానికి చల్లదనం కంటే కుదుపే ఎక్కువ. ఐసు ముక్కలు వేర్లను ఎప్పుడూ తడిగా ఉంచుతాయి, ఈ మొక్కలు ఓర్వలేనిది సరిగ్గా అదే. ప్రిములాను మాత్రం ఒక్క చలికాలపు మొక్కగా భావించి పెంచండి, పూస్తే చూసి సంతోషించండి.

ఇక సాధ్యమైన దారి. వాన పడిన తరువాత మన ఊరి దగ్గరి రాతి కొండలైన నంది కొండ మీదికో, సావనదుర్గకో వెళ్లి, లేదా లాల్‌బాగ్‌లోని పెద్ద బండ మీదికి ఎక్కి, కాళ్ల దగ్గర చూడండి. రాతి గుంటల్లో రెండంగుళాలు కూడా లేని మట్టి, ఎండాకాలంలో కాలు పెట్టలేనంత కాగే బండ, అడ్డులేని గాలి, వానలున్న కొద్ది నెలల్లోనే పూసి విత్తనం కట్టేయాల్సిన తొందర. చలి ఒక్కటి తప్ప ఆల్పైన్ మొక్కల, అంటే చెట్లు పెరగనంత ఎత్తైన కొండల మీది మొక్కల, కష్టాలన్నీ ఇక్కడ ఉన్నాయి, అందుకే అవే ఉపాయాలు కూడా ఉన్నాయి: పొట్టి కాడ, దగ్గరదగ్గరగా ఆకులు, నీరు దాచుకునే కండ, లోతుకు పోయే వేరు. మన రాయలసీమ గుట్టల మీద పెరిగే, కాడల్లో నీరు దాచుకునే కారల్లుమా ఇలాంటి మొక్కే. నాకు ఇది అర్థమైన తరువాత హిమాలయాల మొక్క బతకలేదన్న దిగులు పోయింది. దక్కను రాయి మీద బతికే మొక్క అందంలో దానికి ఏమాత్రం తీసిపోదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బ్రిటన్‌లో ఆల్పైన్ మొక్కల ప్రియులు పశువులు నీళ్లు తాగిన పాత రాతి తొట్లను తెచ్చి చిన్న తోటలుగా మార్చుకున్నారు. మనకు ఆ తొట్టి కొత్త కాదు, పల్లెలో మూలపడిన రాతి కుడితి తొట్టి దొరికితే అంతకు మించినది లేదు. అడుగున రెండు మూడు రంధ్రాలు వేయించాలి. అయితే మీది మూడో అంతస్తు. ఒక ఘనపు అడుగు తడిసిన మిశ్రమమే దాదాపు 45 కిలోలు తూగుతుంది, రాతి బరువు దానికి అదనం, కనుక సిమెంటు, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి పోసిన తేలికపాటి తొట్టి మీకు నయం. దానిని కొన్ని వారాలు నీళ్లు మార్చుతూ నానబెట్టి, సిమెంటు సున్నం పోయాకే వాడండి.

మిశ్రమం విషయంలో రాజీ పడకండి. ఆరు మిల్లీమీటర్ల కంకర (ఇక్కడి దుకాణాల్లో జల్లి అని అడగాలి) రెండు పాళ్లు, దుమ్ము పోయేలా కడిగిన ఎం-శాండ్ (రాయిని పిండి చేసిన ఇసుక) ఒక పాలు, జల్లించిన ఎర్రమట్టి, మాగిన ఆకుల ఎరువు కలిపి ఒక పాలు. అడుగున పెంకులు పరిస్తే నీరు బాగా దిగుతుందనే మాట నిజం కాదు. సన్నని మట్టి కింద పెద్ద ముక్కలుంటే నీరు ఆ సరిహద్దు దగ్గరే ఆగుతుంది. పైనుంచి కింది దాకా ఒకే మిశ్రమం నింపి, రంధ్రాల మీద జాలీ ముక్క వేస్తే చాలు. రాళ్లను మూడో వంతు లోపలికి పాతి, పొరలన్నీ ఒకే దిక్కుకు వాలేలా పెట్టండి, అప్పుడే అవి అక్కడే పుట్టినట్టు కనిపిస్తాయి. నాటిన తరువాత పైన ఒక అంగుళం కంకర పరిస్తే మొక్క మెడ, అంటే కాడ వేరుతో కలిసే చోటు, పొడిగా ఉంటుంది. వీటిని కాపాడేది ఎరువు కంటే ఆ అంగుళం కంకరే.

మొక్కల్లో, ఎండ తగిలే చోట మెక్సికో కొండల నుంచి వచ్చిన చిన్న ఎచెవేరియా, సన్నాకుల సీడమ్, బండ పగుళ్లలో తనంతట తానే విత్తనం వేసుకునే ఎరిజెరాన్ కార్విన్‌స్కియానస్ పెట్టండి. కొంత నీడలో దక్షిణాఫ్రికా హవోర్తియా బాగుంటుంది. అసలైన ఆల్పైన్ కుటుంబపు రుచి కావాలంటే సాక్సిఫ్రాగా స్టోలోనిఫెరా ప్రయత్నించండి, చైనా, జపాన్ దేశాల ఈ మొక్క తన మంచుకొండల చుట్టాలకంటే వేడిని బాగా ఓర్చుకుంటుంది, కానీ దానికి నీడ, కొంచెం తేమ తప్పనిసరి. నర్సరీలో దొరికేవే కొనండి. కొండల మీది మొక్కలను పెకలించి తేవద్దు. జాతీయ ఉద్యానమైన వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ నుంచి తేవడం చట్టప్రకారం నేరం కూడా.

బాల్కనీ ఏ దిక్కుకు ఉందో మీరు రాయలేదు. దక్షిణం వైపుదైతే అదృష్టవంతులు. ఈ ఊరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం వల్ల ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా జరుగుతాడు, అందుచేత మండే నెలల్లో నీడ, చలికాలంలో ఏటవాలు ఎండ వాటంతట అవే అమరుతాయి. తూర్పు కూడా మంచిదే. పడమర అయితే గ్రీన్ నెట్ తప్పదు. బోరు నీళ్లు పోస్తే కంకర మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, వీలైతే వాన నీరు పట్టి ఉంచుకోండి.

చూడటం గురించి కూడా ఒక మాట చెప్పాలి. తొట్టిని నేల మీద పెట్టకుండా నడుము ఎత్తులో దిమ్మె మీద పెట్టి, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం ఒకటి కొనుక్కోండి. పప్పుగింజంత సీడమ్ పువ్వులో ఐదు రేకులు, పది కేసరాలు, వాటి మీద పుప్పొడి విడివిడిగా కనిపించినప్పుడు, పెద్ద పూల కోసం కుండీలు మార్చే అవసరం ఉండదు.

అక్టోబరు చివర, వానలు తగ్గుముఖం పట్టాక తొట్టి నింపండి. అదే వారంలో మీ ప్రిములా, ఎడెల్‌వైస్ విత్తనాలను ఫ్రిజ్‌లో పెడితే డిసెంబరు మొదటికి చల్లుకోవచ్చు. వాటిని తొట్టిలో కాకుండా వేరే మట్టి కుండీల్లో ఉంచండి, ఏప్రిల్‌లో అవి పోయినా తొట్టిలోని మిగతా మొక్కల వేర్లు కదిలించాల్సిన పని పడదు.