పదకొండు లక్ష్యాల కాగితం చదివాక

చిరంజీవి పాపకి,

చిన్నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన కాగితం అందింది. పైన "ఈ ఏడాది నా లక్ష్యాలు" అని పెట్టి కింద పదకొండు రాశావు. మూడు భాగాల నవల, పన్నెండు కథల సంపుటి, ఆడియో సీరియల్, రోజుకి వెయ్యి పదాలు, మన సూళ్లూరుపేటలో సైన్స్ ఫిక్షన్ పండగ, ఇంకా ఏవేవో. మీ చిన్నమ్మ చదివి, "ఈ పిల్ల ఉద్యోగం మానేసిందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే నిద్ర మానేస్తుందిలే" అని లోపలికి పోయింది.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. నచ్చనివి పక్కన పెట్టెయ్.

ముందు ఆ వెయ్యి పదాలు కొట్టెయ్. అది ఇంగ్లీషులో రాసేవాళ్ల లెక్క. వాళ్లు నాలుగైదు మాటలు పేర్చి చెప్పేదాన్ని మనం "వెళ్లిపోవాల్సొచ్చింది" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. రోజుకి మూడు వందలు రాయి, వారానికి అయిదు రోజులు. ఏడాదిలో రెండు వారాలు జ్వరాలకీ పెళ్లిళ్లకీ పోయినా 75,000 పదాలు. తెలుగులో అది పెద్ద నవలే. అందులో సగం నువ్వే తీసేస్తావు, తియ్యాలి కూడా. రాకెట్టూ అంతే. 1980 జూలై 18న మన పక్కనే శ్రీహరికోటలో ఉన్న రాకెట్ కేంద్రం షార్ నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 బరువు 17 టన్నులు. అది పైకి చేర్చిన రోహిణి ఉపగ్రహం 35 కిలోలు. దానికి ముందు ఏడాది ఆగస్టు 10న లేచిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 అయితే బంగాళాఖాతంలో పడింది. నేనప్పుడు ఏడో తరగతి. ఆ పూట బళ్లో ఎవరికీ పాఠం ఎక్కలేదు.

ఇక నవల సంగతి. నువ్వు పంపిన మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ నీ అంగారక గ్రహంలో ఎవరికీ చెమట పట్టదు, ఎవరూ అన్నం తినరు. అదీ పోనీ. అక్కడున్న పిల్ల ఇక్కడున్న అమ్మతో ఫోన్లో పోట్లాడుతుంది చూడు, మాటకి మాట అంటూ. అది ఎట్లా కుదురుతుంది? రెండు గ్రహాలూ బాగా దగ్గరగా ఉన్నప్పుడే మాట చేరడానికి 3 నిమిషాలు పడుతుంది. దూరంగా ఉంటే 22 నిమిషాలు. అదీ ఒక వైపుకే. అమ్మ "తిన్నావా?" అని అడిగితే, "తిన్నాను" అన్న జవాబు ముప్పావు గంటకి వస్తుంది. ఈలోగా అమ్మకి కోపం వచ్చి, కోపం పోయి, ఏడ్చి, గిన్నెలు కడుక్కుని పడుకుని ఉంటుంది. తల్లీకూతుళ్లు ఒక పోట్లాట పూర్తిచెయ్యాలంటే ఒక పగలు పడుతుంది. పాపా, కథ అక్కడుంది. నువ్వు దాన్ని దాటేసి లేజర్ తుపాకుల దగ్గరికి పరిగెత్తావు.

నిన్ను తప్పుపట్టడానికి చెప్పట్లేదు. నాకూ అది ఈ ఊరు నేర్పేదాకా తెలీదు.

మా ఇంటి వరండాలో ప్రతి నెలా మొదటి ఆదివారం పిల్లలకి కథలు చదువుతానని నీకు తెలుసుగా. ఒకసారి రాత్రిపూట ప్రయోగం ఉందని తెలిసి అందర్నీ మిద్దె మీదికి ఎక్కించాను. వెలుగు కనబడ్డ క్షణం నుంచి లెక్కపెట్టమన్నాను. ఒక పిల్ల పలక తెచ్చుకుంది, అంకెకొక గీత గీస్తానని. తూర్పున చెట్ల వెనక ఆకాశం నారింజ రంగుకి తిరిగింది. రాకెట్టు పైకి లేచి సన్నబడిపోతోంది, చప్పుడు మాత్రం లేదు. పిల్లల లెక్క ఒకటే వినబడుతోంది, పక్కవీధిలో కుక్క కూడా ఊరుకుంది. ఎప్పటికో కింద వంటింట్లో స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి. ఆ తర్వాత ఉరుము. ఒకడికి యాభై ఎనిమిది, ఒకడికి డెబ్బై ఒకటి. పలక పిల్లకి అరవై ఆరు. లాంచ్‌ప్యాడ్ మనకి ఇరవై కిలోమీటర్ల పైమాటే, శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు. ఆ పిల్ల లెక్క దాదాపు సరిపోయింది. అప్పుడు అందరికన్నా చిన్నవాడు అడిగాడు: "తాతా, అయితే మనం విన్నది వెళ్లిపోయిన రాకెట్టునా?"

నలభై ఏళ్లుగా రాస్తున్నా. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. పోయిన మనిషి గొంతు ఇంటికి నిమిషం ఆలస్యంగా చేరే కథ ఒకటి రాశాను. నా వాటిల్లో నలుగురు గుర్తుపెట్టుకున్నది అదొక్కటే.

అందుకే నీ సైన్స్ ఫిక్షన్ పండగ మాటకి వస్తున్నా. పదిహేనేళ్ల కింద నేనూ ఒక సభ పెట్టాను. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పైన ఉండాలని మూడు మీటింగులు అయ్యాయి. చందాలో సగం శాలువాలకీ దండలకీ పోయింది. పెద్దల ఉపన్యాసాలు ముగిసేసరికి కథ చదవాల్సిన ఇద్దరు కుర్రాళ్లకి పది నిమిషాలు మిగిలింది. వాళ్లలో ఒకడు మళ్లీ రాయలేదు. నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఫ్లెమింగోలు దిగే చలికాలంలో ఎటూ పక్షుల పండగ జరుగుతుంది, జనం వస్తారు. నీకు సరదా అయితే అక్కడ ఒక బల్ల వేసుకుని కథలు చదువు. కమిటీ మాత్రం వెయ్యకు.

ఊరికి ఏదన్నా చెయ్యాలనుంటే నెలకొక ఆదివారం ఇవ్వు. చెన్నై నుంచి లోకల్ రైలుంది, సాయంత్రానికి తిరిగి పోవచ్చు. కాకపోతే చెప్పిన ఆదివారం మానకూడదు. పిల్లలు పెద్దవాళ్లలాంటివాళ్లు కాదు, రెండుసార్లు తలుపు మూసుంటే మూడోసారి రారు.

ఇంకొకటి. శ్రీహరికోట దీవిలో రాకెట్ల కంటే ముందు మనుషులుండేవాళ్లు. యానాదులు ఆ అడవిని, పులికాట్ సరస్సు నీళ్లని నమ్ముకుని బతికారు. 1971లో మొదటి రాకెట్టు లేచేనాటికే వాళ్ల బతుకు మారడం మొదలైంది. ప్రయోగం ఉన్న రోజున సముద్రంలో వేటకి పోవద్దని ఇప్పటికీ జాలర్లకి చెప్తారు. మనం మిద్దె ఎక్కి చప్పట్లు కొట్టే రోజు ఒకరికి వల తడవని రోజు. చంద్రుడి మీద ఊరు కట్టే కథ రాసేవాళ్లకి, ఊరు ఖాళీ చేసిన వాళ్లు ఇంత దగ్గరలో ఉండటం అదృష్టమే అనాలి, మాట కటువుగా ఉన్నా. వెళ్లి కూర్చో. మొదటిసారి నోట్‌బుక్ తియ్యకు, ఫోన్ అసలు తియ్యకు. వాళ్ల మాట వాడుకున్నావంటే అచ్చయ్యాక పుస్తకం పట్టుకెళ్లి, ఆ పేజీ వాళ్లకి చదివి వినిపించు. వద్దంటే తరవాతి ముద్రణలో తీసెయ్. నేనొకసారి ఇది చెయ్యలేదు, ఆ ఇంటి ముందు నుంచి పోవాలంటే ఇప్పటికీ వేరే సందులోంచి పోతాను.

భాష గురించి ఒక్క ముక్క. పడవ నడిపేవాడి నోట "అంతరిక్ష నౌక" అనిపించకు. మన ఊళ్లో ఎవరన్నా అట్లా అనగా విన్నావా? రాకెట్టే. మహీధర నళినీమోహన్ గారు ఎంత కష్టమైన సైన్సునైనా ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తున్నట్టు రాశారు. ఆయన వ్యాసాలు రోజుకొకటి పైకి చదువు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుస్తుంది.

ఆడియో సీరియల్ గురించి నాకేం తెలీదు, నన్నడక్కు. జనవరి విజయవాడ పుస్తకాల పండగకి నవల తెచ్చెయ్యాలని కూడా రాశావు. తొందరపడి అచ్చేసినవి ఎట్లా ఉంటాయో చూడాలంటే మా అటక ఎక్కు, నావే రెండు కట్టలున్నాయి. మీ చిన్నమ్మ దీపావళికల్లా వాటిని అమ్మెయ్యమంటోంది.

ఆ పదకొండింట్లో ఫోన్ పోట్లాట కథ లేదు. మిగతావి ఉంచుకుంటావో కొట్టేస్తావో నీ ఇష్టం, అది మాత్రం పైన రాసుకో. పదిహేను పేజీలు చాలు. వచ్చే మొదటి ఆదివారం పొద్దున బండికి వచ్చేస్తే చిత్తుప్రతి పిల్లల ముందే చదివేద్దాం. వాళ్లు మధ్యలో లేచి నీళ్లకి పోయిన చోటల్లా మార్జిన్‌లో ఒక గీత పెట్టుకో.

వచ్చేటప్పుడు చాక్‌పీసులు ఒక డబ్బా పట్రా, ఇక్కడ అయిపోయాయి.

మీ చిన్నాన్న