ప్రింట్ చేసిన బొమ్మ పక్కకి కట్ అవుతుంటే ముందు క్యాలిబ్రేషన్ జోలికి వెళ్లకండి

మీ ప్రశ్న చదవగానే రెండేళ్ల క్రితం నేను పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చాయండి. స్టిక్కర్ షీట్ మీద బొమ్మలు ప్రింట్ చేసి కటింగ్ మెషీన్‌లో పెడితే బ్లేడు బొమ్మ అంచు వెంట కాకుండా రెండు మిల్లీమీటర్లు పక్కకి పోతోంది, ఒకవైపు తెల్ల అంచు మిగులుతోంది, ఇంకోవైపు బొమ్మే తెగిపోతోంది, మూడుసార్లు క్యాలిబ్రేట్ చేసినా (అంటే బ్లేడు ఎక్కడ పడాలో మెషీన్‌కి మళ్లీ సరిచేసి చూపించినా) మారలేదు, మెషీన్ పాడైందా అన్నారు. పాత గ్రీటింగ్ కార్డుల మీద బొమ్మల్ని కూడా ఇలాగే కట్ చేయొచ్చా అని చివర్లో ఇంకోటి అడిగారు. దానికి కింద చెప్తాను, ముందు అసలు సంగతి.

మెషీన్ పాడవ్వలేదండి, నాకు అచ్చం ఇలాగే జరిగింది. నేనూ నాలుగుసార్లు క్యాలిబ్రేట్ చేసి, ప్రతిసారీ కొంచెం బాగైనట్టు అనిపించి మళ్లీ చెడిపోయి, ఒక ప్యాకెట్ స్టిక్కర్ పేపర్ మొత్తం దానికే తగలేశాక అప్పుడు కూర్చుని ఈ మెషీన్ అసలు ఏం చూస్తోంది అని ఆలోచించా. దానికి మన బొమ్మ కనపడదు. అస్సలు కనపడదు. క్రికట్ కంపెనీ మెషీన్ అయితే బొమ్మల చుట్టూ ఒక నల్ల గీతల పెట్టె, సిల్హౌట్ కంపెనీది అయితే మూలల్లో ఒక చిన్న నల్ల చదరం, రెండు ఎల్ ఆకారపు గీతలు ప్రింట్ అవుతాయి కదా, రిజిస్ట్రేషన్ మార్కులు అంటారు, సెన్సర్ చూసేది వాటినే. అవి దొరకగానే "సరే, ఈ మూల నుంచి ఇంత దూరంలో బొమ్మ ఉండాలి" అని లెక్కేసుకుని కోసుకుంటూ పోతుంది. గుమ్మం ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని, అక్కడ్నుంచి మంచం ఇన్ని అడుగులు అని లెక్కపెట్టుకుంటూ చీకట్లో నడిచినట్టు. మంచం ఎవరైనా జరిపి ఉంటే కాలికి తగులుతుంది అంతే, అందులో నడిచేవాడి తప్పేం లేదు.

అందుకే కట్ తప్పినప్పుడు ఎంత తప్పింది అని కాదు, ఎలా తప్పింది అని చూడాలి. షీట్‌ని ఎత్తి వెలుగులో పట్టుకుని నాలుగు మూలల్లో ఉన్న బొమ్మల్నీ పక్కపక్కన పోల్చండి. అన్ని బొమ్మలకీ ఒకే వైపుకి ఒకే కొలత తప్పిందా, ఒక మూల దగ్గర సరిగ్గా ఉండి అవతలి మూలకి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతోందా, లేకపోతే మొదట కోసినవి బావుండి చివర్లో కోసినవి మాత్రమే చెడ్డాయా. ఈ మూడూ మూడు వేరే వేరే జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే నాలాగే షీట్లు వేస్ట్ అవుతాయి.

నాది రెండో రకం. పైన ఎడమ మూలలో ఉన్న డైనోసార్ బొమ్మ చక్కగా వచ్చేది, కింద కుడి మూలలో దానికి మాత్రం తోక తెగిపోయేది. కారణం చూస్తే సాఫ్ట్‌వేర్‌లో పేపర్ సైజు లెటర్ అని ఉంది, నేను ప్రింటర్‌లో పెట్టింది ఏ4. లెటర్ అంటే 8.5 × 11 అంగుళాలు, దాదాపు 216 × 279 మిల్లీమీటర్లు, ఏ4 ఏమో 210 × 297. అంటే ఏ4 వెడల్పు ఆరు మిల్లీమీటర్లు తక్కువ. ప్రింటర్ "ఫిట్ టు పేజ్" లో ఉంది కాబట్టి నన్ను అడక్కుండానే మొత్తాన్ని సుమారు 97 శాతానికి కుదించి అచ్చేసింది, కంటికి అసలు తెలీదు. కానీ మూడు శాతం అంటే 30 మిల్లీమీటర్ల దూరంలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, 200 మిల్లీమీటర్ల దూరంలో ఆరు మిల్లీమీటర్లు అవుతుంది. నా తోక ఎందుకు తెగిందో అప్పుడు అర్థమైంది. ఇలా స్కేల్, అంటే ప్రింట్ సైజు నిష్పత్తి, తప్పినప్పుడు క్యాలిబ్రేషన్ చేస్తే ఇంకా గందరగోళం అండి, ఎందుకంటే క్యాలిబ్రేషన్ మొత్తాన్ని ఒక పక్కకి జరపగలదు గానీ సాగదీయలేదు, కాబట్టి ఒక మూల బాగుపడి ఇంకో మూల చెడిపోతుంది, మనకేమో "కొంచెం బెటర్ అయింది" అనిపిస్తుంది.

దీన్ని తేల్చుకోడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, మామూలు తెల్ల కాగితం చాలు. సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా 50 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక వృత్తం గీసి ప్రింట్ తీసి స్కేలు పెట్టి కొలవండి. 50 వస్తే స్కేల్ సమస్య లేదు. 48.5 వచ్చిందంటే మీదీ నా కేసే, 97 శాతం. అప్పుడు ప్రింట్ సెట్టింగ్స్‌లో "యాక్చువల్ సైజ్" గానీ 100 శాతం గానీ ఎంచుకోండి, పేపర్ సైజు సాఫ్ట్‌వేర్‌లోనూ ప్రింటర్‌లోనూ ఒకటే ఉండేలా పెట్టండి. క్రికట్ వాళ్ల సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్‌లో అయితే ప్రింట్ దగ్గర "సిస్టమ్ డైలాగ్" అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తేనే ప్రింటర్ అసలు సెట్టింగ్స్ మీ చేతికి వస్తాయి, క్వాలిటీ కూడా అక్కడే పెంచుకోవచ్చు. విండోస్‌లో ఆ డైలాగ్ పెట్టె ఒక్కోసారి డిజైన్ స్పేస్ వెనకాల దాక్కుని తెరుచుకుంటుంది, ఏం రాలేదేంటి హ్యాంగ్ అయిందేమో అని అనుకోకండి, డిజైన్ స్పేస్ విండోని కిందకి దించి చూడండి. ఫోన్ నుంచి ప్రింట్ ఇస్తే ఈ సెట్టింగ్స్ చాలావరకు కనపడవు, అందుకే ఈ పని మాత్రం నేను కంప్యూటర్ మీదే చేస్తాను.

మొదటి రకం, అంటే అన్నీ ఒకే వైపుకి ఒకే కొలతలో తప్పితే, దానికే క్యాలిబ్రేషన్. క్రికట్‌లో మెనూలో క్యాలిబ్రేషన్‌లోకి వెళ్లి ప్రింట్ దెన్ కట్ (ముందు ప్రింట్ చేసి తర్వాత కోసే పద్ధతి) ఎంచుకుంటే ఒక షీట్ ప్రింట్ అవుతుంది, మెషీన్ దాని మీద ముందు ఒక చిన్న చదరం చుట్టూ కోసి సరిగ్గా గీత మీదే పడిందా అని అడుగుతుంది, లేదంటే పైన, పక్కన ఉన్న గీతల వరసలు కోసి, ఏ గీత మధ్యలో సరిగ్గా పడిందో చెప్పమంటుంది. అక్కడ తొందరపడొద్దు, ఫోన్ టార్చ్ వేసి దగ్గరగా చూసి చెప్పండి. నా అనుభవంలో ఇది ఒకసారి సరిగ్గా కుదిరితే నెలల తరబడి కదలదు. మీరు మూడుసార్లు చేసినా మారలేదంటున్నారు కాబట్టే నా అనుమానం మొత్తం స్కేల్ మీదకే పోతోంది.

మూడో రకం మ్యాట్ వల్ల, అంటే పేపర్ అంటించి మెషీన్‌లోకి పంపే జిగురు పలక వల్ల వచ్చేది. జిగురు తగ్గిన మ్యాట్ మీద పేపర్ మొదట్లో పట్టుకునే ఉంటుంది, ముందుకీ వెనక్కీ తిరిగి తిరిగి ఒక అర మిల్లీమీటరు జారుతుంది, ఆ జారిన తర్వాత కోసినవన్నీ పాడు. మెషీన్‌కి ఈ సంగతి తెలీదు, మార్కుల్ని మొదట్లో ఒక్కసారే చదువుతుంది. పేపర్ పెట్టగానే చేత్తో కాకుండా ఒక రోలర్‌తో మధ్యలోంచి అంచులకి గట్టిగా నొక్కండి, ఇంకా అనుమానంగా ఉంటే నాలుగు అంచులకీ మాస్కింగ్ టేపు వేయండి, మార్కుల మీద మాత్రం పడకూడదు. కొత్త మ్యాట్‌కి దీనికి ఉల్టా బాధ, జిగురు ఎక్కువై తీసేటప్పుడు పేపర్ చిరిగిపోతుంది, ఒక పాత కాటన్ బట్ట రెండు మూడుసార్లు దాని మీద అద్ది తీస్తే సరిపోతుంది. తీసేటప్పుడు పేపర్‌ని లాగకండి, మ్యాట్‌ని బోర్లా తిప్పి మ్యాట్‌నే వంచుకుంటూ విడదీయండి, పేపర్ ముడుచుకోదు.

అసలు మార్కులే దొరకట్లేదని ఎర్రర్ వస్తే అది నాలుగో సంగతి, ఎక్కువ సార్లు వెలుగు గొడవే. నా మెషీన్ కిటికీ పక్కన ఉండేది, మధ్యాహ్నం ఎండ నేరుగా మ్యాట్ మీద పడినప్పుడల్లా ఫెయిల్, కర్టెన్ వేస్తే ఓకే. ఇంక్ తగ్గి మార్కులు బూడిద రంగులో వచ్చినా ఇంతే, సన్న నల్ల మార్కర్‌తో వాటి మీదే జాగ్రత్తగా దిద్దండి, నేను చాలాసార్లు అలాగే లాక్కొచ్చాను. గ్లాసీ పేపర్ అయితే మెరుపు సెన్సర్‌ని తికమక పెడుతుంది, మార్కుల మీద మెరవని పారదర్శక టేపు ముక్కలు, అంటే అంటించాక కనపడకుండా పోయే ఆ టేపు ఉంటుంది చూడండి, అది అంటిస్తే చదివేస్తుంది. స్టిక్కర్ల మీద లామినేషన్ షీట్ వేసేవాళ్లు దాన్ని కొంచెం చిన్నగా కత్తిరించి బొమ్మల మీద మాత్రమే వేసి మార్కుల్ని వదిలేస్తే ఇంకా సుఖం.

ఇప్పుడు ఇదంతా సరిచేశాక కూడా ఒక మాట నిజంగా చెప్పాలి, ఇంట్లో వాడే మెషీన్‌తో సరిగ్గా వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ప్రతిసారీ రాదండి, అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. దానితో పోట్లాడేకంటే బొమ్మని దానికి తగ్గట్టు తయారుచేసుకోవడం మేలు. రెండు దారులు. ఒకటి బ్లీడ్, అంటే బొమ్మ అంచు రంగుని కొంచెం బయటికి పొడిగించి ప్రింట్ చేయడం, బ్లేడు కాస్త పక్కకి పోయినా తెల్లగా కనపడదు, రంగే కనపడుతుంది. రెండోది ఆఫ్‌సెట్, బొమ్మ చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల తెల్ల అంచు కావాలనే పెట్టి ఆ అంచు బయట కోయడం. నాకు ఆఫ్‌సెట్ అంటేనే ఇష్టం. డైనోసార్ వీపు మీద ముళ్లు, తోక కొస, ఇలాంటి సన్నటి చోట బ్లేడు తిరగలేక పేపర్ చింపేస్తుంది, ఆఫ్‌సెట్ పెడితే ఆ మూలలన్నీ గుండ్రంగా అయిపోతాయి, స్టిక్కర్ తీసేటప్పుడు కూడా కొసలు లేచిపోవు. ఆఫ్‌సెట్ పెట్టాక బొమ్మనీ దాన్నీ కలిపి "ఫ్లాటెన్" చేయడం మర్చిపోకండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ వాటిని రెండు వేరే పొరలు అనుకుని విడివిడిగా కోయడానికి సిద్ధపడుతుంది.

బొమ్మ ఫైల్ విషయానికొస్తే బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ తీసుకోండి, ప్రింట్ అయ్యే సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉంటే చాలు. జేపెగ్‌లో బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తే అంచుల్లో కంటికి కనపడని పిక్సెల్ చుక్కలు మిగిలిపోతాయి, మెషీన్ ప్రతి చుక్క చుట్టూ శ్రద్ధగా ఒక చిన్న గుండ్రం కోస్తుంది. కట్ ప్రివ్యూలో బాగా జూమ్ చేసి చూస్తే దొరికిపోతాయి.

ఇంక్‌జెట్ ప్రింట్ అయితే వెంటనే మ్యాట్ మీద పెట్టకండి, ఒక పావుగంటైనా ఆరనివ్వండి, తడి ఇంక్ రోలర్ల కింద అలుక్కుపోతుంది. లేజర్ ప్రింటర్ ఉన్నవాళ్లు స్టిక్కర్ షీట్ ప్యాకెట్ మీద లేజర్‌కి పనికొస్తుందని రాసి ఉంటేనే వాడండి, లోపలి వేడికి వేరే రకం షీట్లు కరిగి ప్రింటర్‌కే అంటుకుపోయే ప్రమాదం ఉంది. బ్లేడు ఎంత గట్టిగా నొక్కాలో, అంటే ప్రెజర్, ముందు అదే షీట్ మూల ముక్క మీద చూసుకోండి, పై పొర తెగి వెనక కాగితం తెగకపోతే సరైనది, దాన్నే కిస్ కట్ అంటారు. మందం కార్డు పూర్తిగా తెగాల్సినప్పుడు, కోయడం అయ్యాక మ్యాట్ బయటికి తీయకముందే అంచు కొంచెం ఎత్తి చూడండి, తెగకపోతే మ్యాట్‌ని అలాగే ఉంచి మళ్లీ కట్ బటన్ నొక్కితే అదే గీత మీద రెండోసారి పోతుంది. ఒక్కసారి బయటికి తీశారంటే ఆ అవకాశం పోయినట్టే.

గ్రీటింగ్ కార్డుల సంగతి. వాటి మీద రిజిస్ట్రేషన్ మార్కులు ఉండవు కాబట్టి ప్రింట్ దెన్ కట్ పద్ధతిలో కుదరదు. బ్రదర్ కంపెనీ స్కాన్ అండ్ కట్ మెషీన్‌లో స్కానర్ లోపలే ఉంటుంది, కార్డుని మ్యాట్ మీద పెడితే అదే స్కాన్ చేసి అంచు గుర్తుపట్టి కోస్తుంది. సిల్హౌట్ వాళ్లది పిక్స్‌స్కాన్ మ్యాట్ అని ఒకటుంది, మ్యాట్ మీదే మార్కులు ఉంటాయి, కార్డు పెట్టి ఫోటో తీసి సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవాలి. మీ దగ్గర ఇవి లేకపోతే, పది పదిహేను కార్డులే అయితే, మంచి సన్న కత్తెర తీసుకుని చేత్తో కోసేయండి, కత్తెరని కదపకుండా కార్డుని తిప్పుతూ కోస్తే వంపులు నున్నగా వస్తాయి. నేనైతే అలాగే చేస్తాను.

మీరు ఈ రోజు ఆ 50 మిల్లీమీటర్ల వృత్తం ఒక్కటి ప్రింట్ తీసి కొలిచి ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి, తప్పిన షీట్ ఫోటో ఉంటే నాలుగు మూలలూ కనపడేలా, ఏ వైపు ముందు మెషీన్‌లోకి వెళ్లిందో గుర్తు పెట్టి పెట్టండి, మూడింట్లో ఏదో చూసి చెప్తాను. అప్పటిదాకా స్టిక్కర్ పేపర్ ముట్టుకోకండి, మామూలు కాగితం మీదే ప్రయత్నించండి.