పులికాట్‌కు వస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

జనవరిలో పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూసి, ఆపైన అవి గుడ్లు పెట్టే చోటును వెతుక్కుంటూ గుజరాత్‌లోని కచ్ రణ్ ఉప్పు ఎడారికి ఒంటరిగా వెళ్ళాలని నీవు నిశ్చయించుకున్నట్లు మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల పక్షుల కోసం దేశానికి ఆ కొస దాకా పోతానంటున్నదని గర్వంగానే ఉంది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సూళ్ళూరుపేట స్టేషనుకు మీ మామయ్య వస్తారు. టోపీ, మంచినీళ్ళు, బైనాక్యులర్ తెచ్చుకో. పక్షుల పండుగ రోజుల్లో మాత్రం రావద్దు, అప్పుడు పక్షుల కంటే జనమే ఎక్కువ.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్ళే రోడ్డు మీద నిలబడితే చాలు, నీకు కావలసినదంతా అక్కడే కనిపిస్తుంది. పొద్దున్నే వెళ్ళి, రాకెట్ కేంద్రం షార్ గేటుకు చాలా ముందే వెనుదిరిగి చూసుకుంటూ రా, ఎండ నీ వీపు మీద పడుతుంది. ఆ రోడ్డు మీద బస్సులు వేగంగా పోతాయి; కెమెరాలో కన్ను పెట్టి వెనక్కి అడుగు వేసే అలవాటు నీకుందని నాకు తెలుసు, అది మానుకో.

ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి, ఆరణి తెచ్చే మంచినీరూ, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరూ కలిసే ఈ సరస్సులో చాలా చోట్ల నీరు మోకాలి లోతుకు మించదు కనుకనే, పొడవు కాళ్ళ ఈ పక్షులు చలికాలమంతా ఇక్కడ మేయగలుగుతాయి. కాళ్ళతో బురదను కలియదొక్కి, ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, అందులోని సన్నని జీవాలను వడకట్టుకుని తింటాయి. వాటి గులాబీ రంగు ఆ తిండి నుంచి వచ్చినదే. మందలో బూడిద రంగువి కనిపిస్తే వేరే జాతి అనుకునేవు, అవి పిల్లలు. ముక్కు ముదురు ఎరుపుగా ఉండి, ఒడ్డూ పొడవూ తక్కువగా ఉన్నవి కనబడితే మాత్రం రాసిపెట్టుకో, అవి ‘చిన్న ఫ్లెమింగో’ అనే వేరే జాతి, ఇక్కడ అరుదు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మా చిన్న మరిది ఒక వేసవి ముందర కొత్త కెమెరాతో రోడ్డు దిగి పక్షుల వైపు నడిచాడు. నీరు వెనక్కి తీసిన నేల బీటలు వారి, చూపుకు గట్టిగానే ఉంది. అతడు పది అడుగులు వేస్తే పక్షులు తలలెత్తి పది అడుగులు జరిగేవి. అవి బెదిరి ఎగిరిపోయి ఉంటే అతడు అక్కడితో ఆగేవాడు, కానీ అవి అలా కొంచెం కొంచెంగా జరగడంతో ఇంకాస్త పోతే అందుతాయన్న ఆశ పుట్టింది. పైన అప్పడంలా ఎండిన ఆ నేల ఒక్కసారిగా విరిగి, అతడు తొడల దాకా నల్లని బురదలో దిగబడ్డాడు. కాలు పైకి లాగినకొద్దీ రెండోది ఇంకా లోపలికి పోయింది. మేము రోడ్డు మీద నుంచి కేకలు పెట్టడం తప్ప ఏమీ చేయలేకపోయాము. వలలు సర్దుకుంటున్న జాలర్లు విని, పెనుగులాడకుండా వెల్లకిలా వాలమని అతనికి చెప్పి, పలక పరుచుకుంటూ పాకి వెళ్ళి లాగారు. ఆ అలజడికి మంద మొత్తం లేచింది. ఫ్లెమింగో బరువైన పక్షి, నీటి మీద కొంత దూరం పరుగెత్తితే గానీ ఎగరలేదు. మేత వదిలి అలా లేచిన ప్రతిసారీ దాని ఒంటి సత్తువ ఖర్చవుతుంది. మా మరిది నవ్వుతూ ఇంటికి వచ్చాడు. నేను మాత్రం ఇప్పటికీ ఎండిన బీటల నేలను చూస్తే బిగుసుకుపోతాను. నీవు రోడ్డు దిగనని మాట ఇస్తేనే రా, తల్లీ. కోపంగా రాశానని అనుకోకు.

కచ్ విషయంలో నా భయం ఇంకా పెద్దది. మహా రణ్‌లోని 'ఫ్లెమింగో నగరం'లో 1945లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ ఐదు లక్షల పక్షులున్నాయని అంచనా వేశారు. అక్కడ బురదను కుప్పగా పోసి, ఒక్కో జంట ఒక్కో గుడ్డు పెడుతుంది. చుట్టూ పలచని నీరు నిలిచి ఉన్నంత కాలం నక్కలూ కుక్కలూ గూళ్ళ దాకా రాలేవు. వాన చాలక నీరు ముందుగా ఇంకితే ఆ రక్షణ పోతుంది. అందుకే అన్ని ఏళ్ళూ అవి అక్కడ గుడ్లు పెట్టవు. నీవు వెళ్ళిన ఏడాది గూళ్ళు లేకపోతే నిరాశపడకు. ఉంటే మాత్రం దగ్గరకు పోవద్దు, డ్రోన్ ఎగరవేయవద్దు. అది సరిహద్దు ప్రాంతం, అనుమతి కాగితాలూ తోడుగా స్థానికులూ లేకుండా అడుగు పెట్టవద్దు.

తోడు ఎవరు వస్తున్నారో, ఏ రైలుకు దిగుతావో ముందుగా రాయి. గుజ్జనగూళ్ళ నాటి నుంచి నీకు ఇష్టమైన రొయ్యల వేపుడు చేసి ఉంచుతాను.

ఇట్లు,
నీ మేనత్త